టీకా ఎక్కడ వేశాం, ఎప్పుడు వేశాం: హెచ్‌ఐవీ దగ్గర ఇది ఎందుకంత పెద్ద విషయం

చెన్నైలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "టీకాలో ఉన్న సరుకు ఒకటే అయినప్పుడు చేతి కండకి వేసినా, చర్మంలో వేసినా, ముక్కులో వేసినా తేడా ఎందుకు రావాలి? డోసుల మధ్య నెల ఉంటే ఏంటి, ఆరు నెలలు ఉంటే ఏంటి? హెచ్‌ఐవీకి ఇన్నేళ్ళయినా టీకా రాకపోవడానికి దీనికీ సంబంధం ఉందా? వచ్చే వారం సెమినార్, చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్."

అమ్మా, నువ్వు అనే రాస్తున్నాను, మా అమ్మాయి వయసే నీది. నెల్లూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, అప్పటి నుంచీ చెన్నైలోనే ఇమ్యునాలజీ ల్యాబుల్లో ఉన్నాను, అందులో ఎక్కువ కాలం టీకా ట్రయల్స్ నుంచి వచ్చే రక్తం శాంపిళ్ళతోనే గడిచింది. నీ ప్రశ్నకి జవాబు: సంబంధం ఉంది, చాలా ఉంది. కానీ దారి మార్చేసి, తేదీలు జరిపేసి హెచ్‌ఐవీకి టీకా చేసేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకు. లోపల వేసే సరుకు సరైనది కాకపోతే ఏ దారీ దాన్ని కాపాడదు. సరైనది దొరికాక మాత్రం, అది పనిచేస్తుందా లేదా అనేది దారి, తేదీ మీదే చాలావరకు ఆధారపడుతుంది.

ముందు నాకు జరిగింది చెబుతాను. ల్యాబులో చేరిన కొత్తలో అందరికీ హెపటైటిస్ బి టీకా వేయించారు, 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులు. నాకు వేసిన చోట మొదటి రెండూ తుంటికి వేశారు, నాకూ అప్పట్లో తెలియక ఊరుకున్నాను. తర్వాత టైటర్, అంటే రక్తంలో యాంటీబాడీల మోతాదు, చూస్తే రక్షణకి కావాల్సిన 10 యూనిట్ల గీత కూడా దాటలేదు. భుజం కండకి మళ్ళీ కోర్సంతా వేయించుకున్నాను, అప్పుడు వచ్చింది. మందు అదే, మనిషీ నేనే. తుంటి దగ్గర కొవ్వు పొర మందం, సూది చాలాసార్లు కండ దాకా వెళ్ళదు, మందు కొవ్వులోనే ఉండిపోతుంది, అక్కడ దాన్ని అందుకుని తీసుకెళ్ళే కణాలు తక్కువ. కుక్కకాటు టీకా కూడా తుంటికి వేయకూడదని చెప్పేది ఇందుకే.

ఆ కుక్కకాటు టీకాలోనే ఇంకో సంగతి ఉంది. కండకి వేస్తే ప్రతిసారీ ఒక వయల్ అంతా పోతుంది. అదే చర్మం లోపలి పొరలో వేస్తే రెండు చోట్ల 0.1 మి.లీ. చొప్పున చాలు, మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 0, 3, 7, 28 రోజుల లెక్కన ఇస్తున్నది అదే. అంత తక్కువ మందుతో ఎలా సరిపోతుందంటే, చర్మంలో డెండ్రిటిక్ కణాలు కిక్కిరిసి ఉంటాయి. బయటిది ఏది లోపలికి వచ్చినా పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకుపోవడమే వాటి పని. టీకా వేసిన రెండు రోజులకి చంకలో బిళ్ళ కట్టిందని కొందరు భయపడతారు చూడు, ఆ బిళ్ళే మనకి కావాల్సిన చోటు. అసలు చదువంతా జరిగేది అక్కడే.

హెచ్‌ఐవీ డీఎన్‌ఏ టీకాల్లోనూ ఇదే చూశారు. ఉత్త డీఎన్‌ఏని కండకి గుచ్చితే కోతుల్లో, మనుషుల్లో స్పందన చాలా బలహీనంగా వచ్చేది, ఎందుకంటే డీఎన్‌ఏ కణం లోపలికి పోవాలి, ఊరికే వేస్తే పోయేది చాలా తక్కువ. సూది వేసిన చోట చిన్న కరెంటు షాక్ ఇచ్చే ఎలక్ట్రోపోరేషన్ పద్ధతి వచ్చాక కథ మారింది. హెచ్‌వీటీఎన్ 098 అనే ట్రయల్‌లో కండకి ఇచ్చిన దాంట్లో ఐదో వంతు డోసునే చర్మంలో ఇచ్చి ఈ షాక్ పెడితే, వైరస్ సోకిన కణాల్ని పట్టుకునే టి కణాల స్పందన ఏమీ వెనకబడలేదు. మన దగ్గర కోవిడ్ కాలంలో వచ్చిన జైకోవ్-డి గుర్తుందా? అదీ డీఎన్‌ఏ టీకానే, సూది లేకుండా ఒత్తిడితో చర్మంలోకి కొట్టే పరికరంతో 0, 28, 56 రోజుల్లో ఇచ్చేది.

ఇంతవరకూ చెప్పింది ఎంత స్పందన వస్తుందనే లెక్క. హెచ్‌ఐవీకి ఇంతకంటే ముఖ్యమైనది, ఆ స్పందన ఒంట్లో ఎక్కడ నిలబడుతుంది అనేది. సెమినార్‌లో ఎక్కువసేపు దీని మీదే మాట్లాడు.

డెండ్రిటిక్ కణం తను వచ్చిన చోటు అడ్రసు కూడా టి కణాలకీ, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకీ చెబుతుంది. పేగు నుంచి వచ్చిన డెండ్రిటిక్ కణం విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ యాసిడ్ తయారుచేస్తుంది, ఆ రెటినోయిక్ యాసిడ్ తగిలిన టి కణం మీద ఆల్ఫా4బీటా7 అనే చీటీ పడుతుంది, ఆ చీటీ ఉన్న కణం పేగుకే తిరిగి వెళుతుంది. చేతి కండకి వేసిన టీకాతో చంకలో తయారైన కణాలకి ఈ చీటీ పెద్దగా ఉండదు, అవి రక్తంలో తిరుగుతాయి, ప్లీహంలో ఉంటాయి, పేగు గోడకీ జననాంగాల పొరలకీ తక్కువగా చేరతాయి.

హెచ్‌ఐవీ వచ్చేది ఎక్కువగా ఆ పొరల్లోంచే. లోపలికి వచ్చాక మొదటి కొన్ని వారాల్లో దాని దాడి ఎక్కువగా పేగు గోడలో ఉన్న సీడీ4 టి కణాల (మిగతా రక్షణ కణాలకి సాయపడే టి కణాల) మీదే, రక్తంలో సీడీ4 లెక్క ఇంకా బాగానే కనిపిస్తుండగానే పేగులో అవి చాలావరకు పోయి ఉంటాయి. ఇక టైమ్ సంగతి చూడు. 2014లో కోతుల మీద చేసిన పనిలో, ఎస్‌ఐవీ (కోతుల్లో వచ్చే, హెచ్‌ఐవీ లాంటి వైరస్) సోకిన మూడు రోజులకే, రక్తంలో వైరస్ కనిపించక ముందే, మందులు మొదలుపెట్టారు. అయినా మందులు ఆపాక వైరస్ తిరిగొచ్చింది. అంటే మూడు రోజుల్లోపే అది కణాల డీఎన్‌ఏలో దాక్కుంది. టీకాతో తయారైన జ్ఞాపక కణాలు నిద్ర లేచి, పెరిగి, పొరల దాకా రావడానికి అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది. ఫ్లూలో ఈ ఆలస్యం పరవాలేదు, కాస్త జ్వరం వచ్చి తగ్గుతుంది. హెచ్‌ఐవీలో ఆలస్యమైతే ఇక జీవితాంతమే. అందుకే కాపలా ముందే గుమ్మం దగ్గర ఉండాలి, కబురు పంపాక వస్తే లాభం లేదు.

మరి అన్నీ ముక్కులోనో నోట్లోనో ఎందుకు వేయరు అని నీ సార్ అడగొచ్చు. ప్రయత్నించారు. 2001లో కోతులకి ఒక పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్కల) టీకాని చర్మం కింద ఇచ్చినవాటి కంటే మలద్వారం ద్వారా ఇచ్చినవాటికి పేగులో టి కణాలు బాగా వచ్చాయి, తర్వాత వైరస్ ఎక్కించినప్పుడు వాటిలో వైరస్ లోడు తగ్గింది. 2011లో హెచ్‌ఐవీ పై పొరలోని జీపీ41 ప్రొటీన్ ముక్కల్ని వైరోజోముల (వైరస్ పొరలాంటి చిన్న బుడగల) మీద అతికించి ఒక గుంపు కోతులకి కండకి మాత్రమే, ఇంకో గుంపుకి కండకీ ముక్కులోకీ రెండు దారుల్లోనూ ఇచ్చారు. రెండు దారుల్లో ఇచ్చిన గుంపే బాగా తట్టుకుంది, పైగా వాటి రక్తంలో వైరస్‌ని నిర్వీర్యం చేసే యాంటీబాడీలు కనబడలేదు, యోని స్రావాల్లో మాత్రం పనిచేసే యాంటీబాడీలు ఉన్నాయి. రక్తం మాత్రమే చూసి ఉంటే ఆ టీకా పనికిరాదని పక్కన పెట్టేసేవాళ్ళు. ఇది చదివిన రోజు నేను నిజంగా చాలాసేపు ఆలోచించాను, మేం ఏళ్ళ తరబడి పరీక్షించింది రక్తాన్నే కదా అని.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో చిక్కు ఉంది, చాలామంది చెప్పరు. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో కలరా టాక్సిన్‌లో విషం లేని భాగాన్ని ముక్కు, మలద్వారం, యోని దారుల్లో స్త్రీలకి ఇచ్చి చూశారు. యోని ద్వారా ఇచ్చినప్పుడు గర్భాశయ ముఖద్వారం దగ్గర యాంటీబాడీలు బాగా రావడం అనేది నెలసరి చక్రంలో ఏ రోజుల్లో ఇచ్చారు అన్నదాని మీద ఆధారపడింది, అండం విడుదలకి ముందు సగంలో ఇచ్చినవాళ్ళకి బాగా వచ్చాయి. దారీ టైమూ విడివిడి విషయాలు కావని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆసుపత్రికి వచ్చిన ప్రతి అమ్మాయినీ ఏ రోజు అని అడిగి టీకా వేయడం కుదిరే పని కాదు, అందుకే ఆ దారి ముందుకు పోలేదు.

పొరల మీద ఐజీఏ (స్రావాల్లోకి ఊరే రకం యాంటీబాడీ) ఉంటే చాలు అని కూడా రాయకు. జననాంగాల స్రావాల్లో రక్తంలో ఎక్కువగా ఉండే రకమైన ఐజీజీయే ఎక్కువ, అందులో చాలాభాగం రక్తం నుంచి ఊరి వచ్చేదే, కాబట్టి చేతికి వేసిన టీకా కూడా అక్కడికి కొంత చేరుతుంది. రక్తంలో తిరిగే ఐజీఏ వల్ల ఒక్కోసారి నష్టం ఉండొచ్చని థాయ్‌లాండ్ ట్రయల్ చూపించింది, దాని గురించి కింద రాస్తాను.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి తప్పకుండా పెట్టు. పోలియో చుక్కలు పేగులో రక్షణ ఇస్తాయి, పోలియో ఇంజెక్షన్ ఒక్కటే ఇస్తే పేగులో అంతగా ఇవ్వదు. అయితే వేలూరులో ముందే చుక్కలు వేసుకున్న పిల్లలకి ఒక్క ఇంజెక్షన్ డోసు ఇచ్చి చూస్తే, పేగు రక్షణ మళ్ళీ లేచింది, 2014లో వచ్చింది ఆ ఫలితం. పేగు ఒకసారి ఆ వైరస్‌ని చూసి ఉంటే, తర్వాత చేతికి ఇచ్చిన బూస్టర్‌ని కూడా పేగు తనదిగా అందుకుంటుంది. పేగు ఎప్పుడూ చూడకపోతే అందుకోదు. ఏ దారి ముందు, ఏది తర్వాత అన్నది కూడా ఎంత పని చేస్తుందో చూడు. హెచ్‌ఐవీలో ఇలా పొరలకి ముందు పరిచయం చేయడానికి పోలియో చుక్కల్లోలాగా బలహీనపరిచిన వైరస్‌ని, అంటే బలహీనపరిచిన హెచ్‌ఐవీని, వాడలేం, మనుషులకి అది ఇవ్వడం ప్రమాదం. అక్కడే చేతులు కట్టేసినట్టయింది.

ఇక టైమ్. మా నెల్లూరులో నారు పోసి, నారు ఎదిగాక పీకి మళ్ళో నాటుతారు, నారు లేతగా ఉండగా పీకితే బతకదు, ముదిరిపోయాక నాటితే పిలకలు వేయదు. మొదటి డోసు నారుమడి, బూస్టర్ నాటు. మొదటి డోసు తర్వాత లింఫ్ గ్రంథిలో జెర్మినల్ సెంటర్లు ఏర్పడతాయి, అక్కడ బి కణాలు తమ జన్యువుల్ని మార్చుకుంటూ, యాంటిజెన్‌కి, అంటే టీకాలో గుర్తుపట్టాల్సిన ముక్కకి, బాగా అతుక్కునేవి గెలుస్తూ, మిగతావి చనిపోతూ ఉంటాయి. మామూలు టీకాతో ఇది కొన్ని వారాలే నడుస్తుంది. ఆ పోటీ నడుస్తుండగానే రక్తంలో కొత్త యాంటీబాడీలు ఎక్కువగా తిరుగుతుంటే, బూస్టర్‌లో ఇచ్చిన యాంటిజెన్‌ని అవే కప్పేస్తాయి, ఇంకా తయారవుతున్న బి కణాలకి అందదు. కోవిషీల్డ్ వ్యవధిని మన ప్రభుత్వం 4-6 వారాల నుంచి 6-8కి, తర్వాత 12-16 వారాలకి పెంచింది గుర్తుందిగా, అప్పుడు డోసులు లేక పెంచారని తిట్టుకున్నారు, కానీ ఆక్స్‌ఫర్డ్ ట్రయల్ లెక్కల్లో 6 వారాల లోపు వ్యవధిలో 55 శాతం ఉన్న రక్షణ, 12 వారాలు దాటితే 81 శాతం దాకా వచ్చింది.

హెచ్‌ఐవీకి కావాల్సిన యాంటీబాడీలు మామూలువి కావు. వైరస్ సోకినవాళ్ళలో ఏ పది, ఇరవై శాతం మందికో, అదీ రెండు మూడేళ్ళ తర్వాత, అనేక రకాల హెచ్‌ఐవీని అడ్డుకునే బ్రాడ్లీ న్యూట్రలైజింగ్ యాంటీబాడీలు వస్తాయి. అప్పటికి వాళ్ళకి అవి ఉపయోగపడవు, లోపలి వైరస్ ముందే తప్పించుకుని ఉంటుంది. వీఆర్‌సీ01 లాంటి యాంటీబాడీ చూస్తే మామూలు యాంటీబాడీలో ఉండే వాటికంటే చాలా ఎక్కువ జన్యుమార్పులు ఉంటాయి. అంత చదువుని రెండు నెలల్లో రెండు డోసులతో నేర్పడం అసాధ్యం. 1984లో అమెరికా ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్ రెండేళ్ళలో టీకా పరీక్షకి సిద్ధం అన్నారు, అప్పుడు ఈ లోతు ఎవరికీ తెలియదు.

అందుకే వచ్చింది నెమ్మదిగా ఇచ్చే ఆలోచన. నిజమైన వైరస్ సోకితే యాంటిజెన్ రోజురోజుకీ పెరుగుతుంది, ఒక్కసారిగా వచ్చి మాయమవదు. 2016లో ఎలుకల్లో మొత్తం డోసునే రెండు వారాల్లో ఏడు చిన్న డోసులుగా, ఒక్కొక్కటి పెంచుకుంటూ ఇస్తే, యాంటీబాడీలు పది రెట్ల పైన పెరిగాయి. 2019లో షేన్ క్రాటీ బృందం కోతులకి చర్మం కింద చిన్న పంపులు పెట్టి వారాల తరబడి ఊరేలా, లేదా పెంచుకుంటూ ఇచ్చి చూసింది. జెర్మినల్ సెంటర్లు పెద్దవయ్యాయి, వాటిలో చేరిన బి కణాలు ఎక్కువ రకాలవి, వైరస్‌ని నిర్వీర్యం చేసే యాంటీబాడీలు త్వరగా వచ్చాయి. ఒకేసారి కుమ్మరిస్తే బి కణాలు ప్రొటీన్ అడుగు భాగం లాంటి, పనికిరాని సులభమైన చోట్ల మీద పడిపోతాయి, నెమ్మదిగా ఇస్తే అసలు లక్ష్యాలని గుర్తుపట్టే అరుదైన కణాలకి కూడా అవకాశం దొరుకుతుంది. 2022లో అదే బృందం, కొత్త సపోనిన్ అడ్జువెంట్‌తో (టీకా స్పందనని పెంచడానికి కలిపే పదార్థంతో), బూస్టర్ ఇవ్వకుండానే ఆరు నెలలకి పైగా జెర్మినల్ సెంటర్లు నడిచాయని చూపించింది. ఆ ఫలితం చదివి మా ల్యాబులో అందరం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం, అంతకాలం నడుస్తాయని మేం ఎవరం అనుకోలేదు.

ఏడుసార్లు సూది ఎవరు వేయించుకుంటారు అన్నది సరైన సందేహం. 2024లో ఎంఐటీ వాళ్ళు ఎలుకల్లో లెక్కలు కట్టి, 20 శాతం మొదట, 80 శాతం వారం తర్వాత ఇస్తే చాలావరకు ఆ లాభమే వస్తుందని చూపించారు. వారానికి మొదటి యాంటీబాడీలు తయారై ఉంటాయి, రెండో భాగాన్ని అవి పట్టుకుని లింఫ్ గ్రంథిలో ఫాలిక్యులర్ డెండ్రిటిక్ కణాల మీద చేరుస్తాయి, అక్కడ యాంటిజెన్ చెక్కుచెదరకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది. గమనించావా, పైన ఎక్కువగా తిరిగే యాంటీబాడీ బూస్టర్‌ని అడ్డుకుంటుంది అన్నాను, ఇక్కడ కొద్ది యాంటీబాడీ సాయం చేస్తోంది అంటున్నాను. రెండూ నిజమే, తేడా ఎంత ఉంది, ఎప్పుడు ఉంది అన్నదే. సెమినార్‌లో ఇది అడిగితే తడబడకు.

మనుషుల్లో ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను. థాయ్‌లాండ్‌లో ఆర్‌వీ144, పదహారు వేల మందికి పైగా, 2009లో ఫలితం. హెచ్‌ఐవీ జన్యువుల్ని మోసుకెళ్ళే కెనరీపాక్స్ వైరస్ వాహకం 0, 1, 3, 6 నెలల్లో, హెచ్‌ఐవీ పై పొరలోని జీపీ120 ప్రొటీన్ 3, 6 నెలల్లో, అన్నీ కండకే. మూడున్నరేళ్ళకి లెక్క 31.2 శాతం రక్షణ, కానీ మొదటి ఏడాది దాదాపు 60 శాతం, తర్వాత పడిపోయింది. ఆ జీపీ120లో వీ1వీ2 అనే భాగాన్ని పట్టుకునే ఐజీజీ ఉన్నవాళ్ళకి ఇన్ఫెక్షన్ తక్కువ, రక్తంలో వైరస్ ఎన్వెలప్ (పై పొర ప్రొటీన్) మీద ఐజీఏ ఎక్కువున్నవాళ్ళకి ఆ లాభం కనిపించలేదు. ఆ పడిపోవడాన్ని ఆపాలని ఆర్‌వీ306 అనే ట్రయల్‌లో కొందరికి 12, కొందరికి 15, కొందరికి 18 నెలలకి ఇంకో బూస్టర్ ఇచ్చి చూస్తే, 15, 18లో ఇచ్చినవాళ్ళకే యాంటీబాడీలు ఎక్కువ పెరిగాయి, అంటే ఆగి ఇవ్వడం మేలైంది.

ఆ నమ్మకంతోనే దక్షిణాఫ్రికాలో హెచ్‌వీటీఎన్ 702 పెట్టారు, అక్కడ ఎక్కువగా ఉన్న హెచ్‌ఐవీ రకం, సబ్‌టైప్ సికి, తగ్గ ప్రొటీన్, కొత్త అడ్జువెంట్, ఏడాదికి మరో బూస్టర్. 5,407 మంది. 2020 ఫిబ్రవరిలో ఆపేశారు, టీకా వేసుకున్నవాళ్ళలో 129 మందికి, ప్లసీబో (మందు లేని ఉత్త సూది) వాళ్ళలో 123 మందికి హెచ్‌ఐవీ వచ్చింది. మొదట్లో నేను సరైన సరుకు కాకపోతే దారీ తేదీ కాపాడవు అన్నది ఈ ట్రయల్‌ని మనసులో పెట్టుకునే. ఆ వార్త వచ్చిన రోజు చాలా బాధపడ్డాను, ఆ వలంటీర్లు మళ్ళీ మళ్ళీ క్లినిక్‌కి వచ్చి సూదులు వేయించుకుని రక్తం ఇచ్చినవాళ్ళు.

ఇప్పుడు ఆశ ఉన్నది మెట్లు మెట్లుగా నేర్పే పద్ధతిలో. ఐఏవీఐ జీ001 అనే ట్రయల్‌లో 36 మందికి ఈఓడీ-జీటీ8 అనే ప్రొటీన్ నానోపార్టికల్‌ని 8 వారాల తేడాతో రెండుసార్లు ఇస్తే, 35 మందిలో వీఆర్‌సీ01 తరహా తొలి బి కణాలు లేచాయి. ఇది మొదటి మెట్టు మాత్రమే, ఆ కణాల్ని తర్వాతి మెట్లకి వేరే వేరే ప్రొటీన్లతో నడిపించాలి, ఏ మెట్టు ఎన్ని వారాలకి అన్నది ఇప్పుడు ప్రపంచమంతా వెతుకుతున్న ప్రశ్న. ఆ ట్రయల్‌లో రక్తంతో ఆగకుండా చంకలోని లింఫ్ గ్రంథి నుంచి సన్న సూదితో కణాలు తీసి చూశారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

చెన్నై గురించి చెప్పకుండా చెన్నైలో సెమినార్ ఇవ్వకు. 1986లో దేశంలో మొదటిసారి హెచ్‌ఐవీని గుర్తించింది ఇక్కడే, మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె దగ్గర చదువుతున్న సెల్లప్పన్ నిర్మల, శాంపిళ్ళు వేలూరు తీసుకెళ్ళి పరీక్షించారు. ఇరవై ఏళ్ళకి 2006లో చేత్‌పేట్‌లోని అప్పటి ట్యూబర్‌క్యులోసిస్ రీసెర్చ్ సెంటర్లో, ఇప్పుడు ఎన్‌ఐఆర్‌టీ అంటున్నాం, సబ్‌టైప్ సి మీద చేసిన ఎంవీఏ (బలహీనపరిచిన వ్యాక్సీనియా వైరస్‌ని వాహకంగా వాడే) టీకాని 32 మంది వలంటీర్లతో పరీక్షించారు. తర్వాత చెన్నై, పుణేల్లో కలిపి ఇంకో ట్రయల్: ఒక గుంపుకి ముందు డీఎన్‌ఏ రెండుసార్లు, తర్వాత ఎంవీఏ రెండుసార్లు, ఇంకో గుంపుకి ఎంవీఏ మాత్రమే మూడుసార్లు. నువ్వు అడిగిన ప్రశ్నే, ఏది ముందు, ఎంత వ్యవధి అన్నదే, మన ఊళ్ళో మనవాళ్ళ చేతుల మీద పరీక్షించారు.

ఇంకో చిన్న మాట, పుస్తకాల్లో దొరకదు. నేను పనిచేసిన ఒక ట్రయల్‌లో, అది హెచ్‌ఐవీది కాదు, ఆరో నెల డోసుకి రావాల్సిన వలంటీర్లు సంక్రాంతికి ఊరెళ్ళి రెండు వారాలు ఆలస్యంగా వచ్చేవాళ్ళు. తీసిన రక్తం నుంచి కణాల్ని కొన్ని గంటల్లోపే వేరు చేయకపోతే టి కణాల పరీక్ష పాడవుతుంది, మౌంట్ రోడ్ ట్రాఫిక్‌లో బండి ఇరుక్కుని శాంపిళ్ళు పోయిన రోజులు ఉన్నాయి. కాబట్టి టీకా షెడ్యూల్ గీసేటప్పుడు రోగనిరోధక కణాల టైమ్‌తో పాటు మనుషుల టైమ్ కూడా లెక్కపెట్టాలి, పండగలు, పరీక్షలు, జీతం కోత పడే రోజులు అన్నీ. ఎనిమిది మెట్ల టీకా కనిపెట్టినా ఎనిమిదోసారి మనిషి రాకపోతే అది పనిచేయదు.

బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రెండు గీతలు గీయి. పై గీత వైరస్‌ది, మూడు రోజులు, అక్కడ ఒక చుక్క పెట్టు. కింది గీత బి కణానిది, వారాలు, నెలలు, ఏళ్ళు. మిగతా స్లైడ్లన్నీ ఆ రెండు గీతల చుట్టూ పేర్చు. శనివారం లోపు పంపితే నేను చూసి పెడతాను, ఆర్‌వీ144 డోసుల పట్టికలో ఏ నెలలో ఏది ఇచ్చారో మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకో, అందరూ అక్కడే తప్పు రాస్తారు.